ఏడో నంబరు చలికిటికీ

"నువ్వే ఆపొద్దన్నావటగా!"

గుడ్రున్ పేపరు బల్ల మీద విసిరిన విసురుకి కాఫీ కప్పు సాసర్లో గిర్రున తిరిగి ఆగింది. తలకి చుట్టుకున్న ఉన్ని గుడ్డ ఆవిడ ఇంకా విప్పలేదు. బూట్లకంటిన మంచు వంటింటి నేల మీద కరిగి సన్నగా పారుతోంది.

లియోనా ఆ నీటికేసి చూస్తూ కూర్చుంది. తుడవాలనుకుంది. లేవలేదు.

"నిన్నే అడిగేది. మా తమ్ముడు ఆర్విడ్ పోయిన మర్నాడే, నీ రాతలు ఊరూరి పేపర్లకీ పంచే షికాగో వాళ్ళు ఫోన్ చేసి, ముందుగా పంపిన ముక్కలన్నీ ఆపేద్దామా అమ్మా అని అడిగారట. వద్దు, రానివ్వండి అన్నావట. పొద్దున్నే కొట్లో పదిమంది ఎదుట చెప్పాడు పేపరాఫీసు నెల్స్. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు."

"అవును వదినా."

"ఏవిటి అవును?"

"అడిగారు. రానివ్వండన్నాను."

లియోనా కాదంటుంది, బుకాయిస్తుంది, అప్పుడు దులిపేద్దాం అని గుడ్రున్ దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూ వచ్చింది. ఇలా అరచేతిలో పెట్టి ఇచ్చేస్తే ఎక్కడ పట్టుకోవాలో ఆవిడకి తెలియలేదు. కుర్చీ లాక్కుని కూలబడింది.

ఆర్విడ్ పోయి ఆ రోజుకి సరిగ్గా నలభై రోజులు. ఆ నలభై రోజుల్లోనూ ప్రతి బుధవారం అరవై మూడు ఊళ్ళ పేపర్లలో అతను నిక్షేపంగా బతికే ఉన్నాడు. ఖననం జరిగిన మర్నాడు, వచ్చినవాళ్ళు తాగిన కప్పులింకా కడగకముందే, నెత్తి మీద గిన్నె బోర్లించుకుని అటక మీది గబ్బిలాన్ని తరుముతూ కనిపించాడు. రెండోవారం చర్చి విందులో చేప ముల్లు గొంతుకడ్డం పడి, పాస్టరు గారి చేత వీపు మీద గుద్దించుకున్నాడు. మూడోవారం టోపీ పారేసుకుని చెవులకి లియోనా మేజోళ్ళు కట్టుకుని తిరిగాడు. అన్నీ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో లియోనా రాసి పంపినవే. 'మా ఇంటాయన' అనే ఆ శీర్షిక ఎప్పుడూ ఆరువారాలు ముందు నడుస్తుంది. ఇంట్లో ఈగలు ముసురుతుంటే ఆవిడ మంచు గురించి రాయాలి. ఇరవై ఏళ్ళుగా అంతే.

అందులో ఆఖరిది ఇవాళ వచ్చింది. ఇహ షికాగోలో నిలవ లేదు.

"చదువు," అంది గుడ్రున్ పేపరుని వేలితో ముందుకి తోస్తూ. "నువ్వు రాసిందే, చదువు. మా తమ్ముడు నిచ్చెనెక్కాడట. చలి రాకుండా బయటివైపు రెండో అద్దాలు, చలికిటికీలు, బిగిస్తున్నాడట. ఏడో నంబరు రెండు రాసి, ఎనిమిది రాయడం మర్చిపోయాడట. ఊరంతా పగలబడి నవ్వుతోంది. నవ్వేసి, అంతలోనే గుర్తొచ్చి నోరు మూసుకుంటోంది. మిసెస్ ఓస్‌బీ ఏమందో తెలుసా? 'గుడ్రున్, మీ తమ్ముడికి అక్కడా కిటికీలు బిగించే పని తప్పలేదు కాబోలు' అంది. అదీ నా మొహానే!"

లియోనా కాఫీ ఒక గుక్క తాగింది. నాలిక కాలిందో లేదో తెలియలేదు. పోయినవారం కూడా అలాగే, సాయంత్రం రొట్టె తింటుంటే ఉప్పు తగిలి మండినప్పుడు గానీ పొద్దుట నాలిక కాల్చుకున్న సంగతి బయటపడలేదు.

"నా తమ్ముణ్ణి ఇరవై ఏళ్ళు నవ్వులపాలు చేశావు," గొంతు తగ్గించింది గుడ్రున్. తగ్గించినప్పుడే ఆవిడ గొంతు ఎక్కువ కోస్తుంది. "పాలకేంద్రంలో వెన్న తియ్యడంలో ఈ జిల్లాలో వాడికి సాటి ఎవరు? వాడి చేతిలోంచి ఒక్క చుక్క కింద పడ్డది ఎవరైనా చూశారా? అలాంటివాణ్ణి దద్దమ్మని చేసి పేపరుకెక్కించావు. వాడు నవ్వి ఊరుకున్నాడు గనక నేనూ ఊరుకున్నా. పోయాక కూడా వదలవా?"

"ఆయన చదివి నవ్వుకునేవాడు వదినా."

"వాడు దేనికి నవ్వలేదు గనక!"

అది నిజం. ప్రతి బుధవారం భోజనం అయ్యాక ఆర్విడ్ కళ్ళద్దాలు తుడుచుకుని, "ఏదీ, పోయినవారం నేనేం ఘనకార్యం చేశానో చూద్దాం," అని పేపరు విప్పేవాడు. రాసిన కాయితం ఏనాడూ ముందుగా చూడలేదు. కవరు మీద స్టాంపులు తనే అంటించి, తనే తీసుకెళ్ళి పోస్టులో వేసేవాడు. లోపల ఏముందని ఒక్కసారీ అడగలేదు.

"ఎందుకు?" అంది గుడ్రున్. "అదొక్కటి చెప్పు. ఎందుకు రానివ్వమన్నావు?"

జవాబు లియోనా నాలిక మీదే ఉంది. నలభై రోజులుగా అక్కడే ఉంది.

సెప్టెంబరు ఇరవై ఏడు, శుక్రవారం. పెరటివైపు కిటికీ తెరిచి ఉంది. టైపు మిషను ముందు కూర్చుని ఆవిడ సరిగ్గా ఈ ముక్కే కొడుతోంది, చలికిటికీల ముక్క. ఇంకా నాలుగు లైన్లున్నాయి. పెరట్లోంచి ఆర్విడ్ పిలిచాడు. "లియోనా!" ఒక్కసారే. అది నొప్పితో పెట్టిన కేకలా లేదు. పట్టకారు ఎక్కడ పెట్టావనో, కంచె మీద ఏదో పిట్ట వాలింది చూడమనో పిలిచినట్టే ఉంది.

"ఒక్క నిమిషం," అంది ఆవిడ, వేళ్ళు ఎత్తకుండానే.

నాలుగు లైన్లూ పూర్తి చేసింది. బాగా వచ్చాయి. కాయితం లాగి, కార్బన్ విడదీసి, అప్పుడు లేచి వెళ్ళింది. ఆర్విడ్ వెనక మెట్ల మీద స్తంభానికి జారగిలబడి కూర్చుని ఉన్నాడు. చేతిలో పట్టకారు ఉంది. గుండె ఒక్క దెబ్బకి ఆగిపోయింది, ఎవరూ ఏమీ చెయ్యగలిగేవాళ్ళు కాదు అన్నాడు డాక్టరు. ఆయన పిలిచాడన్న సంగతి ఆవిడ డాక్టరుకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

షికాగో వాళ్ళ ఫోను పెట్టేశాక తనే వెళ్ళి పోస్టులో వేసిన ఆ నాలుగు లైన్లే ఇవాళ అచ్చయ్యాయి. ఆపమంటే అవి చెత్తబుట్టలోకి పోయేవి. మరి ఆ నిమిషం దేనికి ఖర్చయినట్టు?

"ఏమో వదినా," అంది లియోనా. "ఆపాలనిపించలేదు."

గుడ్రున్ పేపరుని తన వైపుకి లాక్కుంది.

"శవం దగ్గర ఒక్క చుక్క రాల్చలేదు. అప్పుడూ ఏమీ అనలేదు నేను. ఒక్కొక్కళ్ళ తీరు అంతే అనుకున్నా." లేచి, తలగుడ్డ ముడి బిగించుకుంది. "వచ్చే బుధవారం ఏవిటి?"

"ఇంకా రాయలేదు."

"మా తమ్ముడు పోయాడని రాయి. ఆ పేపర్లన్నిటిలో రాయి. లేదా, నేనే కూర్చుని ఒక్కో పేపరుకీ ఒక్కో ఉత్తరం రాస్తా. నాకు అచ్చుతప్పులొస్తాయి గానీ అబద్ధాలు రావు."

అప్పుడే లొరెయిన్ వెనక తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. ఒక చేతిలో ఉత్తరాల కట్ట, ఇంకో చేతిలో గోధుమరంగు పార్సిలు. తల్లి పొడుగు, తండ్రి నిదానం వచ్చాయి ఆ పిల్లకి. డులూత్‌లో లైబ్రరీ ఉద్యోగం. తండ్రి పోయాడని వచ్చింది, సెలవు శనివారంతో అయిపోతుంది.

"అత్తా, బూట్లు," అంది.

"నా బూట్ల సంగతి తరవాత. మీ అమ్మ సంగతి చూడు."

"చూస్తూనే ఉన్నా." గుడ్డ తెచ్చి వంగి నేల తుడిచింది. "కేకలు వీధిలోకి వినిపిస్తున్నాయి. పోస్టాయన సైకిలాపి మరీ విన్నాడు పాపం."

"విననీ. పేపర్లో చదివేది చాలక!"

గుడ్రున్ తలుపు దాకా వెళ్ళి ఆగింది. గడ్డకట్టిన గాలి కిటికీ సందుల్లోంచి తెర అంచుని కదుపుతోంది. ఊళ్ళో అందరూ అక్టోబరులోనే బయటివైపు చలికిటికీలు బిగించేసుకున్నారు. ఈ ఇంటివి మాత్రం ఇంకా షెడ్డులో గోడకి చేరేసి ఉన్నాయి. పేపర్లో బిగించినవి.

"చూడు వీళ్ళ వాలకం," అని గొణిగింది గుడ్రున్. "అరవై మూడు ఊళ్ళకి కిటికీలు బిగించింది, తన ఇంటికి తప్ప. ఒసే లొరెయిన్, నిచ్చెన ఎక్కడుంది? మా తమ్ముడి కొంపని చలికి వదిలేసి పోతాననుకున్నారా ఏవిటి?"

"భోజనం అయ్యాక బిగిద్దాం అత్తా. నేనెక్కుతా, నువ్వు నిచ్చెన పట్టుకో."

"పట్టుకోక ఏం చేస్తా! మీ అమ్మ పట్టుకుంటుందా?"

లియోనా ఆ మాట విన్నది. గుచ్చుకోవాల్సిన మాటే. ఎక్కడా గుచ్చుకోలేదు.

*

గుడ్రున్ చర్చి నేలమాళిగలో ఆడవాళ్ళ సంఘానికి కాఫీ కాచే వంతు ఉందని వెళ్ళింది, రెండింటికి వస్తానంది. తల్లీ కూతుళ్ళు మిగిలారు.

లొరెయిన్ గిన్నెలు సర్దుతోంది. చావింటికి ఇరుగుపొరుగు తెచ్చిన వంటల గిన్నెలు పంతొమ్మిది. ఒక్కోదాని అడుగున తెల్ల పట్టీ అంటించి, దాని మీద పేరు. ఖాళీ చేసి, కడిగి, ఎవరిది వాళ్ళకి ఇచ్చి రావాలి, ఇచ్చినప్పుడు రెండు మాటలు చెప్పి రావాలి. పదిహేడు ఇచ్చింది. ఒకటి మిసెస్ ఓస్‌బీ తనే వచ్చి పట్టుకుపోయింది, గబ్బిలం ముక్క అచ్చయిన మర్నాడు, గుమ్మం దాటి లోపలికి రాకుండా. మిగిలింది ఒక్కటే. నీలం అంచుది. దాని మీద పేరు లేదు.

"ఇది ఎవరిదమ్మా?"

"తెలీదు."

"నువ్వే కదా అందుకున్నావు?"

"అందుకున్నాను." గుమ్మంలో ఎవరో నిలబడ్డారు, చేతుల్లో వెచ్చగా ఏదో పెట్టారు. మొహం గుర్తు రావడం లేదు.

లొరెయిన్ ఇంకేమీ అడక్కుండా ఆ గిన్నెని అలమరా మీద పెట్టింది. పార్సిలు తాడు కోసింది. లోపల ఎర్ర ఉన్ని టోపీ ఉంది, చెవుల మీదికి దిగేటట్టు అల్లినది. దానికి పిన్నుతో గుచ్చిన చిన్న ఉత్తరం.

"నెబ్రాస్కా నించి," అంటూ చదివింది. "'మీ ఇంటాయన చెవులకి మేజోళ్ళు కట్టుకున్నారని చదివి మా ఆయనా నేనూ రోజంతా నవ్వుకున్నాం. మావారికి మంచం దిగే ఓపిక లేదు, బుధవారం పేపరొస్తేనే ఆయన మొహం విప్పారుతుంది. ఈ టోపీ మీ ఇంటాయనకి సరిపోతుందనుకుంటా. ఆయన తల పెద్దదని అదివరకోసారి రాశారుగా.'"

లొరెయిన్ ఉత్తరం మడిచింది. ఇద్దరూ టోపీకేసి చూశారు.

"జవాబు ఏం రాయను?" అంది.

పధ్నాలుగో ఏటినించీ పాఠకులకి జవాబులు రాస్తున్నది లొరెయినే. మొదట తల్లి చెప్తే రాసేది, తరవాత చెప్పకుండానే. తల్లి సంతకం తల్లికన్నా సాఫీగా పెడుతుంది. డులూత్ వెళ్ళాక కూడా నెలకోసారి ఉత్తరాల పెట్టె అక్కడికి వెళ్ళేది, జవాబులై తిరిగి వచ్చేది.

"టోపీ సరిపోయిందని రాయి."

"అమ్మా."

"ఏం?"

"సరిపోయిందని నేను రాయలేను."

బయట ఎవరిదో ట్రాక్టరు వెళ్ళింది.

"నాలుగింటికి షికాగోనించి హాస్కెల్ గారు ఫోన్ చేస్తారు," అంది లొరెయిన్. "సోమవారం రావలసిన కాయితం రాలేదని ఆయన ఇవాళ్టిదాకా ఆగారు. నాలుగున్నర దాటితే అరవై మూడు పేపర్లకీ ఖాళీ జాగా వెళ్తుంది. ఆ మాట ఆయన నాతోనే అన్నారు."

"నాతోనూ అన్నారు. బతికించినా సరే, పంపించేసినా సరే, ఏదో ఒకటి మీ చేత్తోనే రావాలి అన్నారు."

"మరి?"

లియోనా టోపీకి మిగిలిన పిన్ను తీసి బల్ల మీద పెట్టింది.

ఇరవై రెండేళ్ళప్పుడు మినియాపొలిస్‌లో పేపరాఫీసులో చేరితే ఆవిడకి మొదట అప్పగించిన పని చావువార్తలు. మగవాళ్ళెవరూ ఇష్టపడని మూల బల్ల అది. పేరు, వయసు, ఊరు, ఎలా పోయారు, వెనక ఎవరున్నారు. ఫోను చెవికి ఆనించుకుని, అవతల ఎవరో ఏడుస్తుంటే ఓపిగ్గా ఆగి, వయసెంతండీ అని అడిగి, పది నిమిషాల్లో ఒకటి కొట్టిపారేసేది. ఏడాది తిరగకముందే ఆవిణ్ణి కోర్టులకి మార్చారు. హత్య కేసులు రాసింది, కట్ట తెగి మునిగిన ఊళ్ళు రాసింది, రెండు పుస్తకాలు వేసింది. 'చేతికి వణుకు లేని మనిషి' అని ఎడిటరు ఆవిడ గురించి అందరికీ చెప్పుకునేవాడు. ఆర్విడ్‌ని చేసుకుని ఈ ఊరొచ్చాక అదే చెయ్యి ఆర్విడ్‌ని రాసింది, వారానికొక్కసారి, వెయ్యిసార్లకి పైనే.

ఇప్పుడు ఆ చెయ్యి ఆ ఒక్క చావువార్తా రాయలేకపోతోంది. వణుకూ లేదు. ఏమీ లేదు. పొద్దుటే లేచి మిషను ముందు కూర్చుంటుంది, వేళ్ళు ఏదో కొడతాయి, కాయితం లాగి ఉండచుట్టి బుట్టలో పడేస్తుంది. ఏం కొట్టిందో తిరిగి చదవదు. నలభై రోజులుగా రోజూ ఇదే. సాయంత్రం లొరెయిన్ వచ్చి బుట్ట తీసుకుపోతుంది, 'పొయ్యిలో వేసేస్తాలే' అంటూ.

"నేను రాయనా?" అంది లొరెయిన్.

లియోనా తలెత్తింది.

"నీ ధోరణి, నీ మాట, నీ సంతకం అన్నీ నాకొచ్చు. ఎవరూ కనిపెట్టలేరు. నాన్న పోయాడని నేను రాసేస్తా. నువ్వు చదవను కూడా అక్కర్లేదు."

"నీకేం తెలుసని రాస్తావు?"

"నాన్న పోయాడని తెలుసు. అంతకన్నా ఏం తెలియాలి?"

"రాయద్దు."

"ఎందుకని?"

"రాయద్దన్నాను. ఆయన్ని రాసేది నేను."

"రాస్తే కదా!" అంది లొరెయిన్. ఆ పిల్ల గొంతు పెరిగింది, ఈ నలభై రోజుల్లో అదే మొదటిసారి. "ఆయన నీకు ఇంటాయనే గానీ నాకు నాన్న. నువ్వు రాసేదాకా ఆయన పోకూడదా? నెబ్రాస్కా ఆవిడకి ఏడిచే హక్కులేదా, నాకు లేదా? శనివారం నేను బండెక్కి పోతా. ఒక్కదానివే ఇక్కడ కూర్చుని ప్రతివారం ఆయన్ని నిచ్చెనెక్కిస్తూ ఉంటావా?"

లియోనా చేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. ఏదో ఒకటి అనాలి. కోపం రావాలి. ఎక్కడినించి తెచ్చుకోవాలో తెలియలేదు.

"ఆ టోపీ చల్లగాలికి బాగుంటుంది," అంది చివరికి. "నిచ్చెన ఎక్కేటప్పుడు పెట్టుకో."

లొరెయిన్ టోపీ తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. తలుపు చప్పుడు కాకుండా వేసింది. విసిరి వేసినా బాగుండేది.

*

రెండింటినించీ ఇంటి చుట్టూ సుత్తి చప్పుళ్ళు, గుడ్రున్ అరుపులు.

"అటు కాదే, పైకెత్తు! ముందు కొక్కెం తగిలించు, తరవాత కిందికి దించు! మీ నాన్న అయితే ఈపాటికి పదీ బిగించి కాఫీ తాగేవాడు!"

"నాన్నకి కింద నువ్వు లేవుగా అత్తా, అందుకే త్వరగా అయ్యేది!"

"నోరు మూసుకుని పట్టుకో! కింద పడ్డావంటే నీకూ గిన్నెలు మోసుకురావాలి ఊరంతా!"

లోపల లియోనా మిషనులో కాయితం ఎక్కించింది. 'మా ఇంటాయన ఈ వారం' అని కొట్టింది. తరవాతి మాట కోసం చూసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఒక్కో కిటికీ మూతపడుతున్నకొద్దీ ఇంట్లోకి గాలి తగ్గింది. బయటి మాటలూ తగ్గాయి. వంటింటివైపు, పడగ్గదివైపు, మెట్ల దగ్గర, ఒకదాని వెనక ఒకటి అద్దం మీద అద్దం పడుతోంది. ఇల్లు చెవిలో దూది పెట్టుకున్నట్టు అయింది.

మూడున్నరకి లొరెయిన్ తల లోపలికి పెట్టింది. చెవుల మీదికి ఎర్రటోపీ దిగి ఉంది, ముక్కు కూడా అంత ఎర్రగానూ ఉంది.

"రెండు ఏడులు లేవమ్మా," అంది. "పేపర్లో రాసినట్టు కాదు. ఒకటి నించి పది దాకా, ఒక్కో చట్రానికీ ఇత్తడి మేకులతో నంబరు కొట్టాడు. ఒక్కటీ తప్పు పోలేదు. ఒక్కటీ ఇరుక్కోలేదు."

"తెలుసు."

"తెలిసే రాశావు."

"తప్పు పోకపోతే అందులో రాయడానికేముంది?"

లొరెయిన్ టోపీ చెవుల మీదికి లాక్కుని, "ఇంకొక్కటుంది. ఏడోది. ఫోను పక్కది," అని వెళ్ళిపోయింది.

నాలుగింటికి ఫోను మోగింది.

లియోనా లేచి నడవాలోకి వెళ్ళింది. మిషనులో కాయితం మీద ఆ నాలుగు మాటలే ఉన్నాయి. రాయలేకపోయానని చెప్పేయాలి. ఖాళీ జాగా పంపించమని చెప్పేయాలి. అలా చెప్పడం తేలిగ్గానే ఉంటుందనుకుంది. అన్నీ తేలిగ్గానే ఉంటున్నాయి.

"హాస్కెల్ గారూ, నేను..."

"అమ్మా, ముందు నన్ను చెప్పనివ్వండి," అన్నాడాయన. ఇరవై ఏళ్ళ పరిచయం ఆ గొంతుతో. ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి, ఇవాళ నెమ్మదిగా మాట్లాడుతున్నాడు. "పొద్దుటి పోస్టులో అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి గది తలుపేసుకుని చదివాను."

"ఏది అందింది?"

"మీ కాయితం. సోమవారం మీ ఊళ్ళో పోస్టు చేసినట్టు ముద్ర ఉంది." అవతల కాయితాల చప్పుడు. "ఇన్నేళ్ళలో మీరు ఇలాంటిది రాయలేదు. ఎవరూ రాయలేదు నాకు. అందుకే అడుగుతున్నా. ఇది ఒకసారి వెళ్ళిందంటే వెనక్కి తీసుకోలేం. వెళ్ళనివ్వమంటారా?"

ఫోను పక్క కిటికీ బయట నిచ్చెన కొన ఆనింది. ఎర్రటోపీ పైకి వచ్చింది. ఆ వెనకే లొరెయిన్ మొహం, చేతుల్లో ఏడో నంబరు చలికిటికీ. లోపల తల్లి ఫోను పట్టుకుని నిలబడి ఉండడం చూసి ఆ పిల్ల కదలకుండా ఆగిపోయింది.

రాసేసింది. రాయనా అని పొద్దున అడగడానికి రెండు రోజుల ముందే రాసేసింది.

"చదవండి," అంది లియోనా.

"అంతానా?"

"మొదలు."

హాస్కెల్ గొంతు సవరించుకున్నాడు.

"'మా ఇంటాయన నన్ను పిలిచాడు. నేను ఒక్క నిమిషం అన్నాను. నాకింకా నాలుగు లైన్లున్నాయి. అవి బాగా వచ్చాయి. ఆ నాలుగు లైన్లూ మీరు పోయినవారం చదివి నవ్వారు. అవి కొడుతుండగానే ఆయన వెనక మెట్ల మీద...'"

"ఆపండి."

ఆ సంగతి ఎవరికీ తెలియదు. డాక్టరుకి తెలియదు, పాస్టరుకి తెలియదు, గుడ్రున్‌కి తెలియదు. ఈ పిల్లకి ఎలా తెలుస్తుంది? ఆ రోజు ఈ పిల్ల నూట యాభై మైళ్ళ అవతల ఉంది.

అద్దం వెనక లొరెయిన్ కళ్ళు తిప్పుకోలేదు.

'పొయ్యిలో వేసేస్తాలే.'

లియోనా ఫోను పక్క గోడకి చెయ్యి ఆనించింది. నలభై పొద్దులు, నలభై ఉండలు. అవి పొయ్యిలోకి పోలేదు. ఈ పిల్ల ఒక్కోటీ విప్పింది, ఇస్త్రీ చేసినట్టు చదును చేసింది, వరస పెట్టింది. దీంట్లో లొరెయిన్ మాట ఒక్కటీ ఉండి ఉండదు. అంతా తన వేళ్ళు కొట్టిందే. తను చదవకుండా పారేసినదంతా తనే రాసింది.

"అమ్మా? ఉన్నారా?" అన్నాడు హాస్కెల్. "నేను తొందరపెట్టడం లేదు. కానీ నాలుగుంబావు అయింది. టెలిగ్రాఫు కుర్రాళ్ళు నా మొహంకేసి చూస్తున్నారు. అవునంటే అవును, కాదంటే కాదు. ఒక్క మాట చాలు."

నిచ్చెన కింద గుడ్రున్ అరుస్తోంది. ఏమంటోందో వినబడడం లేదు. ఆ మాట అచ్చయితే ఆవిడ చదువుతుంది. ఆయన పిలిచాడని, ఈవిడ లేవలేదని అరవై మూడు ఊళ్ళతోపాటు ఆ తోబుట్టువు కూడా చదువుతుంది. నెబ్రాస్కాలో మంచం మీద మనిషికి భార్య ఇది చదివి వినిపిస్తుంది. ఆ ఊళ్ళన్నిట్లోనూ ఆర్విడ్ ఇంకెప్పుడూ నిచ్చెన ఎక్కడు.

లొరెయిన్ చలికిటికీని పైకెత్తి పైకొక్కేనికి తగిలించింది. కింది అంచు మాత్రం ఇంకా చేతుల్లోనే పట్టుకుంది, బెత్తెడు సందు వదిలి. ఆ సందులోంచి చలి వచ్చి లియోనా మణికట్టుకి తగిలింది. తగిలినట్టు తెలిసింది.

ఆ వెంటనే నాలిక మంట పుట్టింది. పొద్దుటి కాఫీ.

"అమ్మా? వెళ్ళనివ్వమంటారా?"

లియోనా నోరు తెరిచింది. అవుననడానికో కాదనడానికో ఆవిడకే తెలియదు. నోట్లోంచి వచ్చిన మాట మాత్రం చెవికి చాలా బాగా తెలిసినది.

"ఒక్క నిమిషం," అంది.

అద్దానికి అవతల ఆ పెదవుల కదలిక చూసి లొరెయిన్ పట్టు వదిలేసింది, ఏడో నంబరు చలికిటికీ దభాలున మూసుకుంది.